పీజీ సెమినార్లలో పేపర్ ప్రెజెంటేషన్లకు న్యాయంగా మార్కులు వేయడం ఎలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత వరకు మళ్లీ చెబుతాను. తిరుపతిలో ఒక పీజీ కాలేజీలో ఈ ఏడాదే లెక్చరర్‌గా చేరారు. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం రెండో ఏడాది పిల్లలు ఒక్కొక్కరు ఒక పరిశోధన పేపర్ తీసుకుని సెమినార్ ఇవ్వాలి. మొత్తం 25 మార్కులు. ఇప్పటిదాకా జరిగినవి చూస్తే ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లకు మార్కులు ఎక్కువ పడుతున్నాయి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు వెనకబడుతున్నారు. మీ పక్కన కూర్చునే సీనియర్ గారు వేసే మార్కులకూ మీరు వేసేవాటికీ పొంతన కుదరడం లేదు. హెచ్‌ఓడీ గారేమో అందరికీ 20కి తగ్గకుండా వేయమంటున్నారు. ఏం చేయాలి, ఏఐతో చేయించుకున్న స్లైడ్లను ఎలా చూడాలి అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. పేపర్లో ఉన్నదాన్ని ఎంత బాగా అప్పజెప్పారో చూడకండి. అందులోని మాటను ఎంతవరకు నమ్మొచ్చో విద్యార్థి తేల్చుకోగలిగారా, దానికి మార్కులు వేయండి. అది తెలియాలంటే ఆ పేపర్ మీరు ముందే చదివి ఉండాలి, ప్రెజెంటేషన్‌ను ఒక బొమ్మ దగ్గర ఆపి ప్రశ్న వేయాలి. ఇంగ్లీషుకూ స్లైడ్ల అందానికీ ఒక చిన్న వాటా విడిగా పెట్టి, అది ఆ గీత దాటి మిగతా మార్కుల్లోకి రాకుండా కాపలా కాయాలి.

నేనూ తిరుపతిలోనే జీవశాస్త్రాలు చెబుతాను. చాలా ఏళ్లుగా మా డిపార్ట్‌మెంట్ సెమినార్లకు కూర్చుంటున్నాను, వేరే కాలేజీలకు ఎక్స్‌టర్నల్‌గానూ వెళ్తుంటాను. కింద చెప్పేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

పేపర్ మీరు చదవకుండా మార్కులు వేయొద్దు. ఇది చాలా చోట్ల జరగడం లేదు. సెమినార్ రోజు పొద్దున టైటిల్ చూసి కూర్చుంటారు. పేపర్ చదవని మనిషి ముందు ఒక విద్యార్థి నిలబడి మాట్లాడితే, ఆ మనిషికి అంచనా వేయడానికి మిగిలేది గొంతు, ఇంగ్లీషు, బట్టలు, స్లైడ్ల రంగులు. వాటికే మార్కులు పడతాయి. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే దీని గురించి రాశారు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసిన రేటింగులు చూస్తే, ఒక గుణంలో మంచి మార్కు వచ్చినవాడికి దానికి సంబంధం లేని గుణాల్లో కూడా మంచి మార్కులే పడ్డాయి. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటున్నాం. మీ సెమినార్ హాల్లో జరుగుతున్నది కూడా అదే. ఇంగ్లీషు బాగుంటే మెథడ్స్ కూడా అర్థమైనట్టే మనకు అనిపిస్తుంది.

పేపర్ మొత్తం లైను లైను చదవనక్కర్లేదు. ఇంట్రడక్షన్ చివరి పేరా చూడండి, వాళ్ల ప్రశ్న ఏమిటో సాధారణంగా అక్కడే ఉంటుంది. తర్వాత బొమ్మలు, టేబుళ్లు, వాటి కింద రాసిన మాటలు. ఆ తర్వాత మెథడ్స్‌లో శాంపిల్, కంట్రోల్, గణాంక పరీక్షల భాగం. డిస్కషన్ చివర్లో చూస్తే సరిపోతుంది. చదువుతున్నప్పుడే ఒక చీటీ మీద రెండు మూడు ప్రశ్నలు రాసుకోండి. ఆ చీటీ చేతిలో ఉంటే ఎవరి గొంతుకూ మనం లొంగిపోం. దీనికి టైము కావాలి కాబట్టి పిల్లలు పేపర్‌ను కనీసం వారం ముందే మీకు ఇవ్వాలని రూల్ పెట్టండి. ఒకే రోజు పది మందిని కూర్చోబెట్టొద్దు. నలుగురైదుగురు చాలు.

ఇక మార్కుల పంపకం. నేను 25ని ఇలా విడదీస్తాను. పేపర్ అడిగిన ప్రశ్న ఏమిటి, అది ఎందుకు అడగాల్సి వచ్చింది అన్నది సొంత మాటల్లో చెబితే 5. ఆధారాలకు, అంటే మెథడ్స్, బొమ్మలు, టేబుళ్లు అర్థం చేసుకున్న తీరుకు 8. పేపర్‌ను ఎంతవరకు నమ్మొచ్చన్న సొంత నిర్ణయానికి 6. ప్రశ్నలకు జవాబులిచ్చిన పద్ధతికి 4. స్లైడ్లు, మాట, టైము పాటించడం, ఈ మూడింటికీ కలిపి 2. అంతే. ఈ అంకెలే పెట్టాలని లేదు, మీ సిలబస్‌ను బట్టి మార్చుకోండి. కానీ చివరి వాటా పెరగనివ్వకండి. ఈ పంపకాన్ని సెమిస్టర్ మొదట్లోనే పిల్లలకు నోటీసు బోర్డులో పెట్టాలి. దేనికి మార్కులున్నాయో తెలిస్తే దాని మీదే కష్టపడతారు. తెలియకపోతే రాత్రంతా యానిమేషన్లు పెట్టుకుంటూ కూర్చుంటారు.

అంకెలు విడదీసినంత మాత్రాన సరిపోదు. 8లో 3 అంటే ఏమిటి, 7 అంటే ఏమిటి అన్నది మాటల్లో రాసుకోవాలి. నా లెక్క ఇది: మెథడ్స్ చదివి వినిపిస్తే 2 లేదా 3. ఏం చేశారో అర్థమయ్యేలా వివరిస్తే 4 లేదా 5. ఆ పని ఎందుకు అలా చేశారో, వేరేలా చేసి ఉంటే ఏం మారేదో చెప్పగలిగితే 6 పైన. ఇద్దరు పరీక్షకుల మధ్య తేడా చాలా వరకు ఇక్కడే తగ్గిపోతుంది.

బొమ్మ దగ్గర ఆపడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నా దృష్టిలో మొత్తం మూల్యాంకనంలో అసలు పరీక్ష ఇదే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎర్రచందనం మనకు కొత్త కాదు, శేషాచలం కొండల చెట్టు. దాని కాయ గట్టిది, చుట్టూ రెక్కలాంటి అంచు ఉంటుంది, అలాగే నాటితే మొలక తక్కువ. అందుకని కాయల్ని నీళ్లలోనో, పేడనీళ్లలోనో, జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్ మందులోనో నానబెట్టి మొలక శాతం పెరుగుతుందేమో చూసిన పేపర్లు చాలానే ఉన్నాయి. మా దగ్గర ఒకమ్మాయి అలాంటి పేపరే తీసుకుంది. ఇంగ్లీషు అంతంత మాత్రం. మొదటి స్లైడ్లు చూసి చదువుతూ పోయింది. టేబుల్ వచ్చాక ఆపాను. దాని కింద ఎన్ విలువ 50 అని ఉంది. "ఈ యాభై ఏందమ్మా?" అని అడిగాను.

"యాభై కాయలు సార్" అంది. కాసేపు టేబుల్ వైపే చూసి తనే మళ్లీ అందుకుంది. "కానీ అన్నీ ఒకే ట్రేలో పెట్టినారు సార్. మందుకు ఒక ట్రే, మామూలు నీళ్లకు ఒక ట్రే. మాకు ఇంటికాడ నర్సరీ ఉంది. షేడ్‌నెట్ కింద అంచున పెట్టిన ట్రే మధ్యలో ఉండేదాని కన్నా బిరీన ఆరిపోతాది. ఏ ట్రే యాడ పెట్టినారో ఇందులో రాయలేదు. మొలక తేడా మందు వల్ల వచ్చిందో, పెట్టిన చోటు వల్ల వచ్చిందో ఎట్ల చెప్పేది?"

ఆ పేపర్‌కు అంతకన్నా మంచి విమర్శ ఉండదు. ఒకే ట్రేలోని యాభై కాయలూ ఒకే తడి, ఒకే ఎండ పంచుకుంటాయి. వాటిని యాభై వేర్వేరు ప్రయోగాలుగా లెక్కగట్టడం తప్పు. మందుకు నాలుగైదు ట్రేలు, నీళ్లకు నాలుగైదు ట్రేలు పెట్టి, వాటి చోట్లు చీటీలు తీసి నిర్ణయించి ఉంటే అప్పుడు పోల్చొచ్చు. స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1984లో ఈ పొరపాటుకు సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి విపులంగా రాశారు. ఆ పేరు ఆ అమ్మాయికి తెలియదు. తెలియనందుకు నేనేమీ తగ్గించలేదు. విషయం పట్టుకుంది, దాని పర్యవసానం చెప్పింది, అదే కావాల్సింది. ఆధారాల్లో 8కి 7, సొంత నిర్ణయంలో 6కి 6 వేశాను. చివరి రెండు మార్కుల్లో 1 వేశాను. స్లైడ్లు చదివింది కాబట్టి అది కూడా న్యాయమే.

ఇంకొక సెమినార్లో ఒకబ్బాయి వేరుశనగలో నీటి ఎద్దడి మీద పేపర్ చెప్పాడు. మాట చక్కగా ఉంది, టైముకు ముగించాడు. గ్రాఫ్‌లో ఒక్కో స్తంభం పైన చిన్న గీత ఉంటుంది కదా, అదేమిటని అడిగాను. "ఎర్రర్ బార్ సార్" అన్నాడు. "దేని ఎర్రర్?" అంటే జవాబు లేదు. అది ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) కావొచ్చు, ఎస్‌ఈ (స్టాండర్డ్ ఎర్రర్) కావొచ్చు, 95 శాతం విశ్వాస అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్) కావొచ్చు. ఎస్‌డీ అయితే మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత తేడా ఉందో చెబుతుంది. ఎస్‌ఈ అయితే సగటును ఎంత కచ్చితంగా పట్టుకున్నారో చెబుతుంది. తొమ్మిది మొక్కలు కొలిస్తే ఎస్‌ఈ విలువ ఎస్‌డీలో మూడో వంతే ఉంటుంది. అదే డేటాకు ఎస్‌ఈ గీస్తే గ్రాఫ్ చాలా శుభ్రంగా కనబడుతుంది, మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయని చూసేవాళ్లు పొరబడతారు. బొమ్మ కింద రాసిన మాటలు ఒక్కసారి చదివి ఉంటే ఆ అబ్బాయి చెప్పేవాడే. ఆధారాల్లో అతనికి 3 పడ్డాయి.

పీ-విలువ కూడా ఇలాంటిదే. "పీ 0.04 వచ్చింది, అంటే 96 శాతం నిజం" అని చెప్పే పిల్లలు ఎంతో మంది. అది తప్పు. అసలు ఏ తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంత అన్నదే ఆ అంకె చెబుతుంది. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో దీని మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే, పెద్ద పెద్ద పరిశోధకులు కూడా పొరబడుతున్నారన్నమాట. కాబట్టి ఈ తప్పుకు పిల్లల మీద విరుచుకుపడొద్దు. సరిగ్గా చెప్పినవాళ్లకు మాత్రం ఒక మార్కు ఎక్కువ వేయండి.

ఇది మన సబ్జెక్టుకే పరిమితం కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో పై గాలుల్ని కొలిచే ఎంఎస్‌టీ రాడార్ డేటా మీద వచ్చే పేపర్లు భౌతికశాస్త్రం పిల్లలు తీసుకుంటారు. అక్కడ ట్రేల బదులు రోజులు ఉంటాయి. వరసగా కొన్ని రోజులు గాలుల్ని కొలిచి, దాని నుంచి మొత్తం రుతుపవన కాలం గురించి ఎంత చెప్పొచ్చు? నిన్నటి గాలికీ ఇవాళ్టి గాలికీ సంబంధం ఉంటుంది కదా? అడగాల్సిన ప్రశ్న అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. విమర్శకు మార్కులున్నాయని తెలియగానే పిల్లలు ఒక పాఠం బట్టీ పట్టేస్తారు: "శాంపిల్ సైజ్ తక్కువ, ఇంకా పరిశోధన జరగాలి." ఏ పేపర్‌కైనా చివరి స్లైడు ఇదే. దీనికి నేను సున్నా వేస్తాను. తక్కువ అంటే దేనికి తక్కువ? ఎంత ఉంటే చాలు? తక్కువ కావడం వల్ల పేపర్ చెప్పిన ముగింపుల్లో ఏది నిలబడదు, ఏది అప్పటికీ నిలబడుతుంది? ఈ లంకె వేస్తేనే అది సొంత నిర్ణయం. తప్పులు వెతకడం ఒక్కటే నిర్ణయం కాదన్నది కూడా పిల్లలకు చెప్పండి. "ఈ పేపర్లో కంట్రోల్ బాగుంది, ఫలానా కారణంగా నేను దీన్ని నమ్ముతున్నాను" అని కారణంతో చెప్పినా పూర్తి మార్కులు వేయాలి.

భాష సంగతి. స్లైడ్లు ఇంగ్లీషులో ఉండనివ్వండి, టెక్నికల్ మాటలు ఎలాగూ ఇంగ్లీషువే. ప్రశ్నలకు జవాబు మాత్రం తెలుగులో చెప్పొచ్చని ముందే ప్రకటించండి. మీరే ఒక ప్రశ్న తెలుగులో అడిగి మొదలుపెడితే పిల్లలు నమ్ముతారు. పలమనేరు, పీలేరు, సత్యవేడు వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలా మంది డిగ్రీ దాకా తెలుగులోనే ఆలోచించినవాళ్లు. "నువ్వు తెలుగులో చెప్పు నాయనా" అనగానే ముఖం మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు బయటికొచ్చే జవాబును బట్టి మార్కు వేయండి. తెలుగులో కూడా రాకపోతే విషయమే తెలియదని తేలిపోతుంది, అదీ మనకు కావాల్సిందే.

దీనికి మీ సీనియర్ గారు అభ్యంతరం చెప్పొచ్చు. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో, ఉద్యోగంలో ఇంగ్లీషు కావాలి కదా అని. ఆ మాట నిజమే. ఇంగ్లీషు నేర్పడం మన బాధ్యత కూడా. అయితే అది వేరే క్లాసులో, వేరే అభ్యాసంతో నేర్పాల్సిన విషయం. ఎర్రర్ బార్ అర్థమైందా అన్న ప్రశ్నకు ఇంగ్లీషు మార్కు జవాబు కాదు.

ఇప్పుడు ఏఐతో స్లైడ్లు చేయించుకుంటున్నారు కదా, దాన్ని ఎలా చూడాలని మీరు చివర్లో అడిగారు. స్లైడ్లు ఎవరు చేశారన్న విచారణకు దిగొద్దు, అది తేలదు. మార్కులు స్లైడ్ల మీద లేకపోతే ఆ సమస్య సగం తీరిపోతుంది. ఏఐ రాసిన సారాంశంలో అంకెలు తప్పుగా ఉండొచ్చు, పేపర్లో లేని మాటలు చేరొచ్చు. మీరు పేపర్ చదివి ఉంటారు కాబట్టి దొరికిపోతుంది. "ఈ వాక్యం పేపర్లో ఎక్కడుందో చూపించమ్మా" అని అసలు పేపర్ ప్రింటు చేతికివ్వండి. పేపర్ తిరగేసే తీరులోనే చదివారో లేదో తెలుస్తుంది.

పేపర్ ఎంపిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చెత్త పేపర్ తీసుకున్న పిల్లలకు న్యాయం చేయడం కష్టం. రివ్యూ వ్యాసాలు వద్దనండి, అందులో సొంత డేటా ఉండదు. డబ్బు కడితే ఏదైనా వేసే జర్నళ్లు ఉన్నాయి. నమ్మదగిన జర్నళ్ల పేర్లతో యూజీసీ నడిపిన కేర్ జాబితాను 2025లో ఆపేశారు కాబట్టి, మంచి జర్నల్ ఏదో చూసుకునే బాధ్యత ఇప్పుడు డిపార్ట్‌మెంట్ల మీదే పడింది. మీరే ముప్పై నలభై పేపర్ల జాబితా తయారు చేసి, అందులోంచి ఎంచుకోమనడం మేలు. ఆ పేపర్‌ను తర్వాత వెనక్కి తీసుకున్నారేమో చూడటం కూడా నేర్పించాలి. 2020 మే నెలలో, కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడటం మీద లాన్సెట్ అనే పేరున్న వైద్య జర్నల్లో ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రుల నుంచి 96 వేల మంది రోగుల డేటా అన్నారు. ఆ డేటాను బయటివాళ్లు సరిచూసే వీలు లేకపోవడంతో రెండు వారాల్లోనే, జూన్ మొదట్లో, వెనక్కి తీసుకున్నారు. జర్నల్ పేరు పెద్దదైతే చాలదు. వెనక్కి తీసుకున్న పేపర్ల వివరాలుండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ఒక నిమిషం పని.

ఇద్దరు పరీక్షకుల మధ్య తేడాకు మందు ఒకటే: మాట్లాడుకోకముందే ఇద్దరూ విడివిడిగా, ఒక్కో వాటాకూ అంకె రాసేయాలి. తర్వాతే పోల్చుకోవాలి. ముందే మాట్లాడుకుంటే జూనియర్ ఎప్పుడూ సీనియర్ అంకె వైపు జరుగుతారు. మొత్తంలో నాలుగు మార్కులకు మించి తేడా వస్తే ఏ వాటాలో వచ్చిందో చూడండి. ఆధారాల వాటాలో అయితే బహుశా ఒకరు పేపర్ చదవలేదు. సొంత నిర్ణయం వాటాలో అయితే కూర్చుని మాట్లాడుకోండి, ఇద్దరిలో ఒకరికి తట్టనిది ఇంకొకరికి తట్టి ఉండొచ్చు. మీ సీనియర్ గారిని నేరుగా "మీరు తప్పు వేస్తున్నారు" అనాల్సిన పని లేదు. "సార్, ఈసారి వాటాల వారీగా రాసుకుందామా, రికార్డుకు బాగుంటుంది" అంటే చాలా మంది సరేనంటారు.

సెమినార్ ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చీటీలు తీసి నిర్ణయించండి. మొదట వచ్చినవాళ్లకు మనం కొంచెం పిసినారిగా ఉంటాం, భోజనం తర్వాత వచ్చినవాళ్లను సరిగ్గా వినం. తోటి పిల్లలతో మార్కులు వేయించే పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు, స్నేహితులకు అందరూ 24 వేస్తారు. దాని బదులు వింటున్న ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న చీటీ మీద రాసి ఇవ్వాలని పెట్టండి. మంచి ప్రశ్న రాసినవాళ్లకు వాళ్ల సొంత ఇంటర్నల్స్‌లో ఒక మార్కు కలపండి. వెనక బెంచీల్లో ఫోన్లు లోపలికి పోతాయి.

ప్రశ్న అడిగేటప్పుడు గొంతు గురించి ఒక మాట. "ఇది కూడా తెలీదా" అని పది మంది ముందు అనడం మన దగ్గర అలవాటైపోయింది. ఒకసారి ఆ మాట పడ్డ విద్యార్థి ఆ తర్వాత ఆలోచించడు, బయటపడితే చాలనుకుంటాడు. అప్పుడు మీరు కొలిచేది భయాన్ని. జవాబు రాకపోతే ప్రశ్నను చిన్నది చేసి మళ్లీ అడగండి, రెండోసారీ రాకపోతే వదిలేసి ముందుకు పోండి. తప్పులు విడిగా, రూములో చెప్పండి, కానీ ఆ రోజే చెప్పండి. వారం పోతే ఏ స్లైడు గురించి మాట్లాడుతున్నారో వాళ్లకు గుర్తుండదు.

ఇక హెచ్‌ఓడీ గారు అందరికీ 20 పైన వేయమన్న సంగతి. ఆయన భయం ఏమిటో అర్థం చేసుకోండి: పిల్లల పర్సంటేజీలు పడిపోతాయని, తల్లిదండ్రులు వచ్చి అడుగుతారని. దానికి అందరినీ ఒకే అంకె దగ్గర కుప్ప పోస్తే, కష్టపడి మూడు సార్లు పేపర్ చదివిన పిల్లకూ అసలు తెరవని పిల్లాడికీ తేడా పోతుంది. మీరు ఆయన దగ్గరికి వాటాల షీటు తీసుకెళ్లి, 14 కన్నా తక్కువ వచ్చినవాళ్లకు రెండు వారాల తర్వాత అదే పేపర్ మీద మళ్లీ చెప్పే అవకాశం ఇస్తానని ప్రతిపాదించండి. రెండోసారి వచ్చిన మార్కే తుది మార్కు అనండి. మా దగ్గర ఇది పనిచేస్తోంది. రెండోసారి వచ్చేవాళ్లలో చాలా మంది బొమ్మల కింద రాసిన మాటలు చదివి వస్తారు, నాలుగైదు మార్కులు పెంచుకుంటారు. షీట్లన్నీ దాచిపెట్టండి. ఎవరైనా వచ్చి మా వాడికి ఎందుకు తగ్గిందని అడిగితే, ఏ వాటాలో ఎంత పడిందో చూపించి, ఆ బొమ్మ దగ్గర ఏం అడిగారో, ఏం జవాబు వచ్చిందో చెప్పండి.